పైన పంట, కింద గ్యాస్: ఫ్రాకింగ్‌ను యూరప్ రైతులు ఎలా అడ్డుకున్నారు?



మనం జీవామృతం పోసి, ఆచ్ఛాదన కప్పి, వానపాముల్ని మళ్లీ రప్పించుకుంటున్నది పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలో. మన ఆలోచన ఇంకా కిందికి వెళ్తే బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో అక్కడిదాకా వెళ్తుంది. అంతకన్నా కింద, రెండు మూడు కిలోమీటర్ల లోతున ఏముందో మనకి అక్కర్లేదనుకుంటాం. కానీ ఒకరోజు ఎవరో వచ్చి, "మీ పొలం కింద రాయిలో గ్యాస్ ఉంది, పగలగొట్టి తీస్తాం, పర్మిట్ కూడా వచ్చేసింది" అంటే?

ఫ్రాన్స్, బల్గేరియా, పోలెండ్, రొమేనియా రైతులకు 2010 తర్వాత జరిగింది ఇదే. వాళ్లు ఏం చేశారు, ప్రభుత్వాలు ఏమన్నాయి, చివరికి ఏమైంది అన్నది మనం తెలుసుకోవాలి. వీడియోలో టైం చాలక వదిలేసిన వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మన యూరియా బస్తా కథ కూడా ఉంది, చివరిదాకా చదవండి.

అసలు ఫ్రాకింగ్ అంటే ఏంటి?

మామూలు గ్యాస్ బావిలో, రాతి పొరల మధ్య ఒకచోట చేరిన గ్యాస్ రంధ్రం వేయగానే పైకి వస్తుంది. షేల్ గ్యాస్ అలా కాదు. షేల్ అంటే బంకమట్టి కోట్ల ఏళ్లు ఒత్తిడికి గట్టిపడి పలకలు పలకలుగా మారిన రాయి. ఆ రాయి లోపల సన్నటి సందుల్లో గ్యాస్ ఇరుక్కుని ఉంటుంది, దానంతట అది కదలదు. అందుకని నిలువుగా కిలోమీటర్ల లోతుకు బోరు వేసి, అక్కడినుంచి అడ్డంగా తిప్పి, నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి కొడతారు. రాయి పగుళ్లిస్తుంది. ఇసుక ఆ పగుళ్లు మూసుకోకుండా ఆపుతుంది. గ్యాస్ బయటికి వస్తుంది. ఇదే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్, వాడుకలో ఫ్రాకింగ్.

ఒక్క బావికి కోటి లీటర్ల నుంచి రెండు కోట్ల లీటర్ల దాకా నీళ్లు పట్టడం మామూలు. కోటి లీటర్లంటే ఎంతో మన లెక్కలో చూద్దాం. ఎకరం పొలంలో ఎనిమిది అడుగుల ఎత్తున నీళ్లు నిలబెడితే ఎంతో అంత. అందులో రసాయనాలు అర శాతం నుంచి రెండు శాతమే అంటారు. శాతం చిన్నదే, కానీ కోటి లీటర్ల మీద అది యాభై వేల నుంచి రెండు లక్షల లీటర్లు.

లోపలికి పోయిన నీళ్లలో కొంత మళ్లీ పైకి వస్తుంది. ఈసారి అది ఉత్త నీళ్లు కాదు. లోతున ఉన్న ఉప్పు, బేరియం లాంటి లోహాలు, కొన్నిచోట్ల రేడియం కూడా మోసుకొస్తుంది. ఆ నీళ్లు పొలానికి పనికిరావు, కాలువలో వదలడానికి లేదు. అమెరికాలో చాలాచోట్ల వాటిని మళ్లీ లోతైన బావుల్లోకి పంపు చేశారు. దాంతో ఓక్లహోమా రాష్ట్రంలో భూకంపాలు పెరిగాయి. 2016 సెప్టెంబర్‌లో అక్కడ 5.8 తీవ్రతతో భూమి కంపించింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రాయి పగిలేది కిలోమీటర్ల కింద, మన నీళ్లుండేది చాలా పైన. ఆ పగులు నేరుగా తాగునీటి పొర దాకా రావడం అరుదు. అసలు ప్రమాదం బోరు గొట్టం దగ్గర. మన బోరుకి కేసింగ్ సరిగ్గా దిగకపోతే పై మట్టి, మురుగు లోపలికి ఎలా జారతాయో, అలాగే గ్యాస్ బావిలో కేసింగ్ చుట్టూ వేసిన సిమెంట్ దెబ్బతింటే గ్యాస్ పక్కనున్న నీటి పొరలోకి పాకుతుంది. దానికి తోడు పైన రసాయనాలు ఒలికిపోవడం, వ్యర్థ జలాల గుంటలు కారడం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2016 డిసెంబర్‌లో ఇచ్చిన తుది నివేదికలో, కొన్ని పరిస్థితుల్లో ఫ్రాకింగ్ పనులు తాగునీటిని దెబ్బతీయగలవని తేల్చింది.

నిప్పంటుకున్న కుళాయి

ప్రపంచమంతా దీని గురించి మాట్లాడుకోవడానికి పెద్ద కారణం 2010లో వచ్చిన 'గ్యాస్‌ల్యాండ్' అనే డాక్యుమెంటరీ. జోష్ ఫాక్స్ తీశాడు. అందులో ఒకాయన వంటింటి కుళాయి తిప్పి నిప్పు చూపిస్తే నీళ్ల దగ్గర భగ్గున మంట లేస్తుంది. ఆ దృశ్యం దేశదేశాలు తిరిగింది. ఆ ఇంటి బావిలోని మీథేన్ సహజంగా పుట్టిందేనని కొలరాడో అధికారులు వాదించారు, దాని మీద పెద్ద గొడవే నడిచింది. కానీ పెన్సిల్వేనియాలోని డిమాక్ అనే ఊళ్లో బావుల్లోకి మీథేన్ చేరడానికి డ్రిల్లింగ్ కంపెనీయే బాధ్యురాలని 2009లోనే ఆ రాష్ట్ర అధికారులు తేల్చారు. ఆ కేసు 2022 దాకా సాగింది. ఊరికి మంచినీటి పైప్‌లైన్ వేయడానికి కంపెనీ డబ్బు కట్టాల్సి వచ్చింది. పదమూడేళ్లు! బావి చెడటానికి ఒక్క సీజన్ చాలు, న్యాయానికి పదమూడేళ్లు.

ఇంకో తేడా గుర్తుపెట్టుకోండి. అమెరికాలో చాలాచోట్ల భూమి కింద ఉన్న ఖనిజం మీద భూమి యజమానికే హక్కు. అందుకే అక్కడ చాలామంది రైతులు లీజు రాసిచ్చి రాయల్టీ తీసుకున్నారు. యూరప్‌లో దాదాపు అంతటా కింద ఉన్నది సర్కారుది. అంటే గ్యాస్ డబ్బు రైతుకి రాదు, లారీల దుమ్ము, శబ్దం, చెడిపోయిన నీళ్లు మాత్రం రైతువే. యూరప్ పల్లెల్లో వ్యతిరేకత అంత గట్టిగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఫ్రాన్స్: గొర్రెల కాపరుల నేల

2010 మార్చిలో ఫ్రాన్స్ ప్రభుత్వం దక్షిణాన మూడు చోట్ల అన్వేషణ పర్మిట్లు ఇచ్చింది: మాంటెలిమార్, విల్నవ్-ద-బెర్గ్, నాంట్. ప్రజల్ని అడగలేదు. అన్వేషణ దశలో అడగాల్సిన పనిలేదని అప్పటి గనుల చట్టం. సంగతి ఊళ్లకు తెలిసేసరికి ఆ ఏడాది చివరికి వచ్చింది.

నాంట్ పక్కనే లార్జాక్ పీఠభూమి. రోక్‌ఫోర్ట్ జున్నుకి పాలిచ్చే గొర్రెలు మేసేది అక్కడే. సున్నపురాయి నేల, వాన పడితే నీళ్లు నేరుగా లోపలికి ఇంకిపోయే నేల. పైన ఏం ఒలికినా ఊట నీళ్లలోకి చేరుతుంది. అదే లార్జాక్‌లో 1971 నుంచి 1981 దాకా పదేళ్లు, మిలిటరీ క్యాంపు కోసం భూములు తీసుకోకుండా రైతులు పోరాడి గెలిచారు. ఆ పోరాటంలో పెరిగిన గొర్రెల రైతు జోసే బోవే అప్పటికి యూరప్ పార్లమెంటు సభ్యుడు. ఆయన, ద్రాక్ష రైతులు, ఊళ్ల మేయర్లు, పర్యాటకం మీద బతికేవాళ్లు అందరూ ఒక్కటయ్యారు. 2011 ఫిబ్రవరి 26న చిన్న పట్టణమైన విల్నవ్-ద-బెర్గ్‌లో వేలాది మంది పోగయ్యారు. "నో గజరాన్" అన్నది వాళ్ల నినాదం, గ్యాస్ తీయనివ్వం అని అర్థం.

ఐదు నెలలు తిరగలేదు. 2011 జులై 13న ఫ్రాన్స్ ఫ్రాకింగ్‌ను చట్టంతో నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. పర్మిట్లు రద్దయిన కంపెనీ కోర్టుకెక్కింది. 2013 అక్టోబర్ 11న ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి ఆ చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. 2017 చివర్లో ఇంకో చట్టం చేసి, 2040 నాటికి తమ దేశంలో చమురు, గ్యాస్ తవ్వకాలే ఆపేస్తామన్నారు.

బల్గేరియా: గోధుమల గాదె

బల్గేరియా ఈశాన్యాన డోబ్రుజా అని ఒక మైదానం ఉంది. గోధుమ, పొద్దుతిరుగుడు పండే నల్లమట్టి. మనకి గోదావరి డెల్టా ఎలాగో వాళ్లకి డోబ్రుజా అలాగ. అక్కడ షేల్ గ్యాస్ వెతకడానికి 2011లో షెవ్రాన్ కంపెనీకి అనుమతి ఇచ్చారు. బల్గేరియా అప్పటికి దాదాపు గ్యాస్ మొత్తం రష్యా నుంచే కొనేది. 2009 జనవరి చలిలో సరఫరా ఆగిపోయి ఆ దేశం గడ్డకట్టిపోయింది కూడా. అంత అవసరం ఉన్న దేశం అది.

అయినా 2012 జనవరి 14న, ఎముకలు కొరికే చలిలో, పదికి పైగా పట్టణాల్లో జనం రోడ్డెక్కారు. నాలుగు రోజులకే, జనవరి 18న, పార్లమెంటు 166 మంది అవునని, 6 మంది కాదని ఓటేయగా ఫ్రాకింగ్‌ను నిషేధించింది. "గ్యాస్ ఇంకోచోట కొనుక్కోవచ్చు, డోబ్రుజాని ఇంకోచోట కొనుక్కోలేం" అన్నది అక్కడి రైతుల మాటల సారాంశం.

పోలెండ్, రొమేనియా: ట్రాక్టర్లు అడ్డం పెట్టిన ఊళ్లు

పోలెండ్ ప్రభుత్వం మాత్రం షేల్ గ్యాస్ మీద గంపెడాశ పెట్టుకుంది. రష్యా గ్యాస్ నుంచి విముక్తి అన్నారు. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2011లో పోలెండ్ దగ్గర 5.3 లక్షల కోట్ల ఘనపు మీటర్లు ఉందని అంచనా వేసింది. ఏడాది తిరక్కుండా, 2012 మార్చిలో, పోలెండ్ భూగర్భ సంస్థ బావుల లెక్కలు చూసి, ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నది 34,600 కోట్ల నుంచి 76,800 కోట్ల ఘనపు మీటర్లే అంది. అంటే ఎక్కువలో ఎక్కువ చూసినా పాత అంచనాలో దాదాపు ఏడో వంతే. దిగుబడి అంచనాలు ఎలా తలకిందులవుతాయో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

అక్కడే జురావ్లుఫ్ అని ఓ చిన్న ఊరు. 2013 జూన్ 3న షెవ్రాన్ మనుషులు కంచె వేయడానికి వస్తే, రైతులు ట్రాక్టర్లు అడ్డం పెట్టి కూర్చున్నారు. అలా 400 రోజులు. వంతులవారీగా కాపలా, అక్కడే వంటలు. వ్యవసాయం పనులు ఆగవు కదా, ఒకరి పొలం పని ఇంకొకరు చూసుకున్నారు. 2014 జులైలో కంపెనీ అక్కడినుంచి వెళ్లిపోయింది, 2015 మొదట్లో పోలెండ్‌లోనే షేల్ పని మానుకుంది. ఎక్సాన్ అయితే 2012లోనే తప్పుకుంది.

రొమేనియాలో పుంజెష్టి అనే ఊరి కథ ఇంతకన్నా కష్టం. 2013 అక్టోబర్‌లో గ్రామస్తులు, ముసలీ ముతకా అంతా, బావి వేసే స్థలం దగ్గర గుడారాలు వేసుకున్నారు. డిసెంబర్ 2 తెల్లవారుజామున వందలాది సాయుధ పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. బావి తవ్వారు. ఎన్నికల ముందు షేల్ గ్యాస్‌ను వ్యతిరేకించిన నాయకులే కుర్చీ ఎక్కాక దాన్ని సమర్థించారన్నది అక్కడి జనానికి ఎక్కువ బాధ కలిగించింది. చివరికి 2015లో షెవ్రాన్ రొమేనియానీ వదిలేసింది.

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. కంపెనీలు వెళ్లిపోవడానికి ఉద్యమాలొక్కటే కారణం కాదు. రాళ్లు అనుకున్నంత గ్యాస్ ఇవ్వలేదు, 2014 చివర్లో చమురు ధర కూలింది, పన్నుల విషయంలో స్పష్టత లేదు. కానీ రైతులు ఆలస్యం చేయించబట్టే ఆ నిజాలన్నీ బయటపడేదాకా నేల మిగిలింది. నాటో అధినేత రాస్ముసెన్ 2014లో, ఈ ఉద్యమాల వెనక రష్యా ఉందని కూడా ఆరోపించాడు. పర్యావరణ సంఘాలు దాన్ని ఖండించాయి.

బీరు తయారీదారులు, నానమ్మలు

జర్మనీలో ముందుగా గొంతెత్తిన వాళ్లలో బీరు తయారీదారుల సంఘం ఉంది! 2013లో మంత్రులకి లేఖ రాశారు. 1516 నాటి శుద్ధత నియమం ప్రకారం బీరు చేస్తున్నాం, మా బావుల నీళ్లు చెడితే మా వృత్తే పోతుంది అని. జర్మనీ 2016లో చట్టం చేసింది, 2017 ఫిబ్రవరి నుంచి షేల్ ఫ్రాకింగ్‌పై నిషేధం అమల్లోకి వచ్చింది. పరిశోధన కోసం నాలుగు బావుల వరకు మాత్రం వీలు ఉంచారు.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 2011 ఏప్రిల్‌లో క్వాడ్రిల్లా కంపెనీ ఫ్రాకింగ్ చేస్తుంటే 2.3 తీవ్రతతో భూమి కదిలింది. పని ఆపి, మళ్లీ అనుమతిచ్చారు. అక్కడ పసుపు పచ్చ అంగీలు, తలకి స్కార్ఫులు కట్టుకున్న నానమ్మలు, అమ్మమ్మలు ఉద్యమానికి ముందు నిలిచారు. 2015లో లాంకషైర్ కౌంటీ కౌన్సిల్ ఫ్రాకింగ్‌కి వద్దంది. 2016లో లండన్‌లోని మంత్రి ఆ నిర్ణయాన్ని కొట్టేసి అనుమతిచ్చాడు. 2018లో పని మొదలైంది, 2019 ఆగస్టు 26న 2.9 తీవ్రతతో భూమి కంపించింది. ఆ నవంబర్‌లో ప్రభుత్వం ఫ్రాకింగ్ ఆపించింది. 2022 సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ మళ్లీ తలుపు తెరిచింది, తర్వాతి నెలలో రిషి సునాక్ మళ్లీ మూశాడు. ఐర్లాండ్ మాత్రం అటూ ఇటూ ఊగకుండా 2017లో చట్టం చేసేసింది.

బ్రస్సెల్స్‌లో ఏం జరిగింది?

ఇన్ని దేశాలు వద్దన్నాయి కదా, యూరోపియన్ యూనియన్ మొత్తానికి ఒకటే చట్టం పెట్టొచ్చుగా అనిపిస్తుంది. పెట్టలేకపోయారు. ఏ ఇంధనం వాడాలో, తమ నేలలో ఏం తవ్వుకోవాలో నిర్ణయించే హక్కు ఆయా దేశాలదేనని యూనియన్ ఒప్పందంలోనే ఉంది. 2012 సెప్టెంబర్ 22న అనేక దేశాల్లో ఒకేరోజు 'గ్లోబల్ ఫ్రాక్‌డౌన్' పేరుతో నిరసనలు జరిగాయి. అదే ఏడాది నవంబర్ 21న యూరప్ పార్లమెంటులో నిషేధం కోరుతూ సవరణ పెడితే 262 మంది సరే అన్నారు, 391 మంది వద్దన్నారు.

2013 అక్టోబర్‌లో పార్లమెంటు ఇంకో మెట్టు ఎక్కింది. షేల్ గ్యాస్ అన్వేషణకైనా సరే, పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి చేయాలని ఓటేసింది. కానీ డిసెంబర్‌లో ప్రభుత్వాలతో బేరసారాల్లో ఆ నిబంధన ఎగిరిపోయింది. 2014 జనవరి 22న యూరోపియన్ కమిషన్ ఒక సిఫార్సు ఇచ్చి ఊరుకుంది. తవ్వకానికి ముందు నీళ్లు, గాలి పరీక్షించి రికార్డు పెట్టుకోవాలి, ఏ రసాయనాలు వాడుతున్నారో చెప్పాలి, బావి ఎలా ఉందో చూస్తుండాలి అని. మంచి మాటలే, కానీ సిఫార్సు కదా, పాటించకపోతే శిక్ష లేదు.

ఇప్పటి పరిస్థితి ఇంకా విచిత్రం. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా గ్యాస్ తగ్గాక, యూరప్ అమెరికా నుంచి ఓడల్లో ద్రవ గ్యాస్, అదే ఎల్‌ఎన్‌జీ, కొంటోంది. 2023లో యూరప్ కొన్న ఎల్‌ఎన్‌జీలో దాదాపు సగం అమెరికాదే. అందులో ఎక్కువ భాగం ఫ్రాకింగ్ చేసి తీసిందే. తమ నేలలో వద్దన్న పనిని టెక్సస్, పెన్సిల్వేనియా పల్లెల్లో చేయించి కొంటున్నారన్నమాట. ఈ విమర్శ యూరప్ ఉద్యమకారులే గట్టిగా చేస్తున్నారు. 2024లో యూనియన్ మీథేన్ లీకుల మీద కొత్త నిబంధన తెచ్చింది, బయటినుంచి వచ్చే గ్యాస్‌కీ దశలవారీగా వర్తించేలా. మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లకు పైగా వేడి పెంచుతుంది మరి.

మరి మన యూరియా బస్తా సంగతి?

యూరియా తయారయ్యేది గ్యాస్‌తోనే. గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తారు, దాన్నుంచి యూరియా. అందుకే 2022లో గ్యాస్ ధర పెరగగానే యూరప్‌లో అమ్మోనియా ఫ్యాక్టరీలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. మన ఫ్యాక్టరీలు వాడే గ్యాస్‌లోనూ ఎక్కువ భాగం దిగుమతి ఎల్‌ఎన్‌జీయే. 2018 మార్చిలో అమెరికా నుంచి గెయిల్ ఒప్పందపు మొదటి ఓడ మహారాష్ట్రలోని దాభోల్‌కి వచ్చింది. 2015 నుంచి యూరియా ఫ్యాక్టరీలకి వెళ్లే గ్యాస్ ధరలన్నీ కలిపి సగటు ధర కడుతున్నారు, కాబట్టి ఏ బస్తాలో ఎవరి గ్యాస్ ఎంతో విడదీసి చెప్పలేం. కానీ ఎక్కడో ఓ రైతు బావి పక్కన పగిలిన రాయికీ మన పొలంలో చల్లే తెల్ల గుళికలకీ సంబంధం ఉంది. బస్తా మానేసి జీవామృతం, పచ్చిరొట్ట, పప్పుజాతి అంతరపంటలతో నత్రజని నిలుపుకుంటున్న ప్రతి రైతూ ఆ గొలుసులో ఒక లింకు తెంపుతున్నట్టే.

మన నేల కింద కూడా ఉంది

కృష్ణా-గోదావరి బేసిన్‌ పేరు 2011 నుంచే అంతర్జాతీయ షేల్ గ్యాస్ అంచనాల్లో ఉంది. 2013 అక్టోబర్‌లో కేంద్రం ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకు షేల్ అన్వేషణకి అనుమతిచ్చింది, 2018లో ఇతర కంపెనీలకీ దారి తెరిచింది. వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి మన దేశంలో మొదలు కాలేదు. కోనసీమ వాళ్లకి గ్యాస్ బావి అంటే ఏంటో 1995లో పాశర్లపూడిలో రెండు నెలలకు పైగా మండిన మంట చెప్పింది. అది ఫ్రాకింగ్ బావి కాదు, మామూలు బావే.

పక్కన తమిళనాడు సంగతి మనం మరిచిపోకూడదు. సేంద్రియ వ్యవసాయానికి జీవితం ధారపోసిన నమ్మాళ్వార్ గారు తన చివరి రోజుల్లో చేసింది కావేరి డెల్టాలో బొగ్గు పొరల మీథేన్ ప్రాజెక్టుకి వ్యతిరేకంగా ఊరూరా ప్రచారం. ఆ ప్రచారంలో ఉండగానే 2013 డిసెంబర్ 30న కన్నుమూశారు. 2020 ఫిబ్రవరిలో తమిళనాడు శాసనసభ కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. కొత్తగా చమురు, గ్యాస్, షేల్ గ్యాస్ తవ్వకాలు అక్కడ కుదరవు. మన డెల్టాకి అలాంటి చట్టం లేదు.

పైగా 2020 జనవరిలో కేంద్రం నిబంధనలు మార్చింది. చమురు, గ్యాస్ అన్వేషణ బావులకి ఇప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. 2010లో ఫ్రాన్స్ రైతులకి ఎదురైన పరిస్థితే ఇది: సంగతి తెలిసేసరికి పర్మిట్ చేతులు మారిపోయి ఉంటుంది.

మనం చేయగలిగినవి

ఒకటి, నీళ్ల పరీక్ష. మీ ఊరు గ్యాస్ బ్లాక్ పరిధిలో ఉంటే ఇప్పుడే బోరు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. టీడీఎస్, క్లోరైడ్, బేరియం, వీలైతే మీథేన్. తేదీ ఉన్న రిపోర్టు దాచుకోండి. రేపు నీళ్లు చెడితే, "ముందునుంచీ ఇలాగే ఉన్నాయి" అనే మాటకి మీ దగ్గర జవాబు అదొక్కటే.

రెండు, అన్వేషణ దశలోనే అడగండి. "ఊరికే చూసి పోతాం" అంటే నమ్మి ఊరుకోవద్దు. ఏ బావి, ఎంత లోతు, నీళ్లు ఎక్కడివి, వ్యర్థ జలాలు ఎక్కడికి పంపిస్తారు అని సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి.

మూడు, గ్రామసభ తీర్మానం. లాంకషైర్ కౌన్సిల్ తీర్మానాన్ని మంత్రి కొట్టేశాడు, నిజమే. కానీ ఆ తీర్మానమే తర్వాతి నాలుగేళ్ల పోరాటానికి ఆధారమైంది.

నాలుగు, రైతులొక్కరే వద్దు. ఫ్రాన్స్‌లో ద్రాక్ష రైతులు, హోటళ్లవాళ్లు, మేయర్లు, జర్మనీలో బీరు తయారీదారులు కలిశారు. మనకి చేపల చెరువులవాళ్లు, కొబ్బరి వ్యాపారులు, పాల సంఘాలు ఉన్నారు. నీళ్లు అందరివీ.

మీ బోరు నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా? లేకపోతే ఈ వేసవిలో నీళ్లు కిందికి దిగకముందే ఆ పని చేయండి. పక్క రైతుకి కూడా చెప్పండి.

జై కిసాన్.